ఇద్దరు మస్తాన్‌బీలు, ఒకే ఫైలు

2023 ఎండాకాలం. గుంటూరు బ్రాడీపేటలో ఒక కోచింగ్ సెంటర్ మీద రెండు గదులు అద్దెకు తీసుకుని కంప్యూటర్ల పని చేస్తున్నాను. ఆ పనిలో కొత్త ప్రోగ్రాములు రాయడం తక్కువ, ఎవరో రాసి వదిలేసి పోయినవాటిని నిలబెట్టడం ఎక్కువ. మందుల షాపులు, మిర్చి కోల్డ్ స్టోరేజీలు, చిన్న ఆసుపత్రులు నన్ను పిలుస్తుండేవి. మిర్చి యార్డుకు సరుకు దిగుతున్న రోజులు కావడంతో ఊరి గాలి ఘాటెక్కి ఉండేది. నా గదికి వచ్చినవాళ్లు ముందు నాలుగు తుమ్ములు తుమ్మి, తర్వాత కంప్యూటరుకు ఏం రోగమొచ్చిందో చెప్పేవారు.

నా పేరు షేక్ మస్తాన్‌బీ. పేరు సంగతి ముందే చెప్పాలి, ఎందుకంటే జరిగిన గొడవంతా పేర్ల దగ్గరే మొదలైంది. మా వైపు మస్తాన్ దర్గాకు మొక్కుకున్నాక బిడ్డ పుడితే ఆ పేరే పెడతారు. ముస్లింలే పెట్టుకోవాలని లేదు. మస్తాన్‌రావులు, మస్తానమ్మలు, మస్తాన్‌వలీలు, మస్తాన్‌బీలు ప్రతి వీధిలో ఉంటారు. మా స్కూల్లో టీచరు "మస్తాన్‌బీ" అని పిలిస్తే ముగ్గురం లేచి నిలబడేవాళ్లం. కాలేజీలో ఒక మేడమ్, ఉద్యోగాలకు వెళ్లేటప్పుడు పేరు కాస్త కుదించుకుంటే బాగుంటుందని నాకు సలహా ఇచ్చింది. నేను కుదించుకోలేదు. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఒక పొద్దున అదే పేటలోని ఒక నర్సింగ్ హోమ్ మేనేజర్ ప్రసాద్‌గారు ఫోన్ చేశారు. వాళ్ల కంప్యూటర్లు, ప్రింటర్లు చూసేది నేనే. రోగుల వివరాలు ఎక్కించే ప్రోగ్రాం మాత్రం నాది కాదు, వేరే ఊరి కంపెనీ ఒకటి చేసి ఇచ్చింది. ఒక చిన్న రిపోర్టు కావాలని, ఒక్క పేజీ చాలని, నా లెటర్‌హెడ్ మీద ఉంటే బాగుంటుందని అన్నారు. దేని గురించి అని అడిగితే, వస్తే చెప్తానన్నారు. చిన్న రిపోర్టులంటే నాకు మొదటినుంచీ అనుమానమే. వాటిలో ఏం ఉండాలో అడిగినవాళ్లకు ముందే తెలిసి ఉంటుంది.

వెళ్లాక ఆయన చెప్పిన సంగతి ఇది. రెండు రోజుల కిందట ప్రత్తిపాడు నుంచి షేక్ మస్తాన్‌బీ అనే పెద్దావిడ నడుంనొప్పి, జ్వరంతో వచ్చింది. మిర్చి తొడిమలు తీసే పనికి పోయే మనిషి. ఆ పని పొద్దస్తమానం కింద కూర్చునే చెయ్యాలి కాబట్టి నడుములు పట్టేయడం మామూలే. డాక్టరుగారు నొప్పికి ఇంజెక్షన్ రాశారు. కరుణ అనే నర్సు కంప్యూటర్లో ఆవిడ పేరు తెరిచింది. పడని మందులు రాసే చోట "ఏమీ లేవు" అని ఉంది. ఇంజెక్షన్ ఇచ్చింది. కాసేపటికే పెద్దావిడ మొహం వాచిపోయి, ఊపిరి అందకుండా పోయింది. డాక్టరుగారు పక్క గదిలోనే ఉండబట్టి విరుగుడు మందు, ఆక్సిజన్ వెంటనే అంది ప్రాణం దక్కింది. ఇంకా వార్డులోనే ఉంది.

ఆమె కొడుకు సుభానీ ఆటో నడుపుతాడు. ఆ సూది మా అమ్మకు పడదని పోయినేడు వానాకాలంలో ఇక్కడే చెప్పామని వరండాలో నిలబడి ఆసుపత్రి దద్దరిల్లేలా అరిచాడట. పోయినేడు ఆ మాట విన్నదీ కరుణే. విన్నాను, కంప్యూటర్లో ఎక్కించాను అంటుంది ఆమె. ఈసారి ఇంజెక్షన్ ఇచ్చే ముందు నోటితో కూడా అడిగానని, జ్వరంలో ఉన్న మనిషి ఏదో గొణిగిందని, తోడొచ్చిన కోడలు కొత్తగా కాపురానికి వచ్చింది కాబట్టి ఆమెకేమీ తెలియలేదని చెప్పింది. ప్రసాద్‌గారి లెక్క వేరు. కంప్యూటర్లో లేదు కాబట్టి ఎక్కించలేదు, ఎక్కించలేదు కాబట్టి అబద్ధమాడుతోంది. ఆ మాట ఆయన వరండాలో అందరి ముందే అన్నారట.

నేను రాయాల్సిందేమిటో ఆయనే చెప్పారు. ప్రోగ్రాం సక్రమంగా ఉంది, ఆ వివరం ఎప్పుడూ ఎక్కించలేదు. ఆ కాగితం సుభానీ చేతిలో పెట్టి, నర్సును తీసేశామని చెప్పి, కేసు దాకా పోకుండా పంపించేయాలని ఆయన ఆలోచన. నాకు తెలిసినంతలో ఆయన చెడ్డవాడు కాదు, భయపడిన మనిషి. అయితే ఆయన భయానికి ఇంకొకరి బతుకు అడ్డం పెడుతున్నాడు. రోగికి పడని మందిచ్చి, పైగా అబద్ధమాడిందన్న ముద్ర పడితే కరుణను బ్రాడీపేటలో ఇంకే ఆసుపత్రీ గడప తొక్కనివ్వదు.

"చూడకుండానే సక్రమంగా ఉందని ఎట్లా రాయమంటారండీ?" అన్నాను.

"చూసే రాయండి మేడమ్. కాకపోతే ఇవాళే అయిపోవాలి" అన్నారు.

కరుణ మందుల గది బయట స్టూలు మీద కూర్చుని ఉంది. యూనిఫాం వేసుకునే వచ్చింది కానీ వార్డులోకి అడుగుపెట్టొద్దన్నారు. ఆమెది చీరాల దగ్గర వేటపాలెం. తల్లి జీడిపిక్కల ఫ్యాక్టరీలో పనిచేసి, వేళ్లన్నీ జీడి రసానికి నల్లబడగా చదివించింది. ఆదివారం చర్చికి వెళ్లాలంటే ముందురోజే ఎవరితోనో డ్యూటీ మార్చుకుంటుంది తప్ప ఎగ్గొట్టే రకం కాదు. ఏడుస్తూ ఉంటుందేమో, ఏం చెప్పాలా అనుకుంటూ దగ్గరికి వెళ్లాను. ఏడవడం లేదు. మొహం కోపంతో గట్టిగా బిగుసుకుని ఉంది. నిజం చెప్తున్నాను, అది చూసి నాకు ప్రాణం లేచొచ్చింది.

"నేను ఎక్కించా మేడమ్. పడని మందులు రాసే గడి ఎర్రగా వచ్చిద్ది, అందులో కొట్టా. మేనేజర్ సారేమో తప్పయిందని కాగితం రాసిస్తే, వేరే ఆసుపత్రిలో అడిగినప్పుడు మంచిమాట చెప్తానంటున్నాడు. రాసిందాన్ని రాయలేదని నేనెట్టా రాసిచ్చేది? ఉద్యోగం పోతే పోయిద్ది."

ఆ మాటతో నేను ఎవరి పక్షమో నాకు తేలిపోయింది. కానీ నా పనిలో పక్షం సరిపోదు, ప్రోగ్రాం తెరిచి చూడాలి.

కంప్యూటర్ల గురించి తెలియనివారి కోసం ఇక్కడ కాస్త ఆగి చెప్తాను. ప్రోగ్రాం ఆపేసినా, కరెంటు పోయినా మిగిలి ఉండాల్సిన విషయాలను ఫైల్‌లో రాసిపెడతాం. ఫైల్‌ను తెరిచేటప్పుడే ఎందుకు తెరుస్తున్నామో కంప్యూటరుకు చెప్పాలి. దాన్ని మోడ్ అంటారు. రీడ్ మోడ్ అంటే చదవడానికి మాత్రమే, లోపల ఏమీ మారదు. అపెండ్ మోడ్ అంటే ఉన్నదాన్ని కదపకుండా చివర కొత్త మాట చేర్చడం. రైట్ మోడ్, అంటే రాయడానికి తెరిచేది, దూకుడు మనిషి. ఆ పేరుతో ఫైల్ లేకపోతే కొత్తది తయారుచేస్తుంది. ఉంటే, లోపల ఉన్నదంతా ఊడ్చేసి ఖాళీ ఫైల్ చేతిలో పెడుతుంది. అడగదు, హెచ్చరించదు. ఇల్లు అద్దెకు తీసుకున్నవాడు, లోపల కాపురమున్నవాళ్ల సామానంతా బయట పారేసి తన మంచం వేసుకున్నట్టు ఉంటుంది దాని వ్యవహారం. తెలిసి వాడితే పనికొచ్చేదే. తెలియక వాడితే కొంప ముంచుతుంది.

ఆసుపత్రి ప్రోగ్రాం పైథాన్ భాషలో రాసి ఉంది. సోర్స్ కోడ్, అంటే మనిషి చదవగలిగే రూపంలో ఉన్న అసలు ప్రోగ్రాం, అదే కంప్యూటర్లో ఒక మూల పడి ఉంది. ముందు రోగుల ఫైళ్లన్నీ నా పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకున్నాను. అసలు ఫైళ్ల మీద ప్రయోగాలు చేసేవాళ్లను చూస్తే నాకు చిరాకు. తర్వాత కోడ్ చదవడం మొదలుపెట్టాను. ఒక్కో రోగికి ఒక్కో ఫైల్. ఫైల్ పేరు ఎట్లా తయారవుతోందంటే ఇంటిపేరు, పేరు, ఊరు. అంతే, ఇంకేమీ లేదు. కౌంటర్లో కొత్త పేషెంట్ అని ఒక బటన్, పాత పేషెంట్ అని ఒక బటన్. కొత్త బటన్ నొక్కగానే ఆ పేరుతో ఫైల్ తెరుచుకుంటుంది. ఏ మోడ్‌లో అని చూస్తే, రైట్ మోడ్‌లో.

మొదట నవ్వొచ్చింది, వెంటనే ఒళ్లు మండింది. మా వైపు షేక్ అన్నది ఒక ఇంటికి గుర్తు కాదు, వీధి వీధంతా అదే. ప్రత్తిపాడంత ఊళ్లో షేక్ మస్తాన్‌బీ ఒక్కతే ఉంటుందని అనుకోవాలంటే గుంటూరు బస్టాండులో ఒక్క పూటైనా నిలబడని మనిషై ఉండాలి. అట్లాంటి మనిషి ఎక్కడో చల్లటి గదిలో కూర్చుని, ఇక్కడి జనం ప్రాణాలు పెట్టుకునే చోట ఆ రెండు వరసల కోడ్ రాసి పంపించాడు.

ఫోల్డర్‌లో షేక్ మస్తాన్‌బీ, ప్రత్తిపాడు అనే ఫైల్ ఒకటే ఉంది. తెరిచాను. షుగర్ కోసం చూపించుకునే మనిషి, భర్త పేరు ఖాదర్, మొదటిసారి వచ్చింది ఈ ఏడు ఫిబ్రవరిలో. వార్డులో ఉన్నావిడ భర్త పేరు ఏమిటని కౌంటర్లో అమ్మాయిని అడిగితే బాజీ అని చెప్పింది. వయసులు ఇంచుమించు ఒకటే. నర్సులు చూసే తెర మీద పేరు, ఊరు, పడని మందులు తప్ప ఇంకేమీ రావు కాబట్టి కరుణకు తేడా తెలిసే దారి లేదు. ఆ రోజు ఆమె చదివింది ఇంకొక మస్తాన్‌బీ ఫైల్.

అయితే ఇది చాలదు. మొదటి మస్తాన్‌బీకి అసలు ఫైలే లేదేమో అని ప్రసాద్‌గారు అంటారు. ఆసుపత్రి కంప్యూటర్లోనే అసలు ఫైల్ ప్రాపర్టీస్ తెరిచి చూశాను. ఒక ఫైల్ ఎప్పుడు పుట్టిందో, చివరిసారి ఎప్పుడు మారిందో కంప్యూటర్ విడివిడిగా గుర్తుపెట్టుకుంటుంది. రైట్ మోడ్ లోపలి సరుకును ఊడుస్తుంది కానీ ఈ కంప్యూటర్లలో పుట్టిన తేదీని మాత్రం ముట్టుకోదు. ఫిబ్రవరిలో మొదటిసారి వచ్చిన మనిషి ఫైల్, పోయినేడు వానాకాలంలోనే పుట్టి ఉంది. మనిషి రాకముందే ఆమె ఫైల్ ఎట్లా పుడుతుంది? అంతకుముందు ఆ ఫైల్ ఇంకొకరిది కాబట్టి. పోయినేడు వానాకాలంలోనే కదా బాజీ భార్య మస్తాన్‌బీ నడుంనొప్పికి వచ్చింది.

ప్రసాద్‌గారికి ఇదంతా చూపించాను. ఆయన ప్రోగ్రాం చేసిన కంపెనీకి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టారు. అవతలి మనిషి మర్యాదగానే మాట్లాడాడు. ఇది లోపం కాదట, స్టాఫ్ పేరును యూనిక్‌గా, అంటే ఇంకెవరికీ లేని విధంగా ఎక్కించాలట. ఒకే పేరు మళ్లీ వస్తే పక్కన ఒకటి, రెండు అని పెట్టుకోమని ట్రైనింగ్‌లో చెప్పామన్నాడు. పేరు మళ్లీ వచ్చిందని కౌంటర్లో అమ్మాయికి ఎట్లా తెలుస్తుందని అడిగాను. గుర్తుపెట్టుకోవాలి మేడమ్ అన్నాడు.

"గుర్తుపెట్టుకునే పనికే కదండీ మిమ్మల్ని ప్రోగ్రాం రాయమంది. ఆ పేర్లు పెట్టింది వాళ్ల అమ్మానాన్నలు. మీకు వీలుగా ఉండాలని పెట్టలేదు."

వాళ్ల కోడ్ తెరిచి చదివే హక్కు నాకు లేదని, అగ్రిమెంట్‌లో ఉందని అన్నాడు. మీ కోడ్ వల్ల ఒక మనిషి ఊపిరి ఆగబోయింది, ఎవరు తెరిచారన్నది తర్వాత తేల్చుకుందాం అన్నాను. ఫోన్ పెట్టేశాక ప్రసాద్‌గారు మెల్లగా మళ్లీ మొదలుపెట్టారు. పాత ఫైల్ ఉండి ఉండొచ్చు, పోయి ఉండొచ్చు. కానీ అందులో ఆ ఇంజెక్షన్ పేరు కరుణ రాసిందని రుజువేది?

ఆ ప్రశ్నలో న్యాయం లేదనను. ఊడ్చేసిన ఫైల్‌లో ఏముందో ఇక ఎవరూ తీసుకురాలేరు, బ్యాకప్ కూడా లేదు. కానీ నాకు కోపం ఆగలేదు. చెరిపేసింది మీ ప్రోగ్రాం, చెరిపేసినవాళ్లే రుజువు తెమ్మంటే ఆ పిల్ల ఎక్కడినుంచి తెస్తుందని అడిగాను. వచ్చే నెల మీ కాంట్రాక్టు కూడా రెన్యువల్‌కు వస్తోంది మేడమ్ అన్నారాయన, కిటికీలోంచి బయటికి చూస్తూ. రానీండి అన్నాను. అన్నాక కాస్త భయమేసిన మాట నిజం. వెనక్కి మాత్రం తీసుకోలేదు.

అప్పుడు తట్టింది. ఫైల్‌లో ఏం రాశారో చూసిన మనిషి ఇంకొకరున్నారు. ఆ మనిషి పై అంతస్తులో మంచం మీద ఉంది. ఈ రెండు రోజుల్లో ఎవరూ ఆమెను ఒక్క మాట అడగలేదు. ఒంట్లో బాగాలేని మనిషి, చదువు రాని మనిషి, కంప్యూటర్ సంగతి ఆమెకేం తెలుసని అందరూ అనుకున్నారు.

వార్డుకు వెళ్లేసరికి సుభానీ తల్లి పక్కన కూర్చుని సోడా బాటిల్ మూత తీస్తున్నాడు. నన్ను ఆసుపత్రి మనిషి అనుకుని మొహం తిప్పుకున్నాడు. పెద్దావిడ కళ్ల కింద వాపు ఇంకా పూర్తిగా తగ్గలేదు. నీ పేరేందమ్మా అని అడిగింది. మస్తాన్‌బీ అంటే నవ్వింది. మన మొక్కులన్నీ ఒకేచోట తీరతన్నాయి, పేర్లకి కరువొచ్చింది అంది. మంచం పక్కన కూర్చుని పోయినేడు ఏం జరిగిందో చెప్పమన్నాను.

"పోయినేడు ఇదే నొప్పికొస్తే ఆ నర్సమ్మాయి ముందే అడిగింది, ఏమన్నా పడవా పెద్దమ్మా అని. అంతకుముందు ఒకచోట సూదేస్తే మొహం వాచిన సంగతి చెప్పి, ఆ చీటీ చూపిచ్చా. కంప్యూటర్లో కొట్టి, తెర నా వైపు తిప్పి చూపిచ్చింది. నాకు చదువు రాదుగా, ఎర్రగా ఉన్న ముక్క మాత్రం కనపడింది. ఇంక నువ్వు చెప్పకపోయినా ఇదే చెప్పిద్దిలే అంది."

మొన్న కూడా అడిగింది కదా, మరి అప్పుడేం చెప్పారు అన్నాను.

"అదే చెప్పా. కంప్యూటర్లో ఉందిగా, చూసుకో అమ్మా అన్నా."

జ్వరంలో గొణిగిన మాట అదే. కరుణ అది సరిగా వినలేదు, కంప్యూటర్‌ను నమ్మింది. పెద్దావిడ కూడా దాన్నే నమ్మింది. ఇద్దరూ చెయ్యాల్సింది చేశారు. మధ్యలో ఉన్న ఫైల్ మాట తప్పింది.

సుభానీ బాటిల్ పక్కన పెట్టాడు. నర్సు అసలు రాయనే లేదని మేనేజర్ చెప్పాడే అన్నాడు. మీ అమ్మగారిని ఎవరైనా అడిగారా అన్నాను. లేదన్నాడు. నువ్వు అడిగావా అన్నాను. తల దించుకున్నాడు. మధ్యాహ్నం డాక్టరుగారి గదికి రమ్మని, అక్కడ అరవాలనిపిస్తే అరవమని, కాకపోతే ముందు నేను చూపించేది చూడమని చెప్పాను.

మధ్యాహ్నం ఓపీ అయ్యాక డాక్టరుగారి గదిలో కూర్చున్నాం. డాక్టరుగారు, ప్రసాద్‌గారు, సుభానీ, కరుణ, నేను. నా లాప్‌టాప్‌లో ఆ ప్రోగ్రాం కాపీ పెట్టి డాక్టరుగారి ముందుకు జరిపాను. నేను నొక్కితే ఏదో గారడీ చేశాననుకుంటారు, మీరే టైప్ చెయ్యండి అన్నాను. కొత్త పేషెంట్ కింద నా పేరు ఎక్కించమన్నాను. షేక్ మస్తాన్‌బీ, గుంటూరు. నిజంగానే నాకు ఒక రకం సల్ఫా మందు పడదు, అది రాయించాను. ఆయన సేవ్ చేసి మళ్లీ తెరిచారు. ఎర్రటి గడిలో మందు పేరు కనిపించింది.

ఇప్పుడు ఇంకొక షేక్ మస్తాన్‌బీ వచ్చింది, ఆమెదీ గుంటూరే, మొదటిసారి వచ్చింది, ఏ మందైనా పడుతుంది, ఎక్కించండి అన్నాను. ఎక్కించారు. ఇప్పుడు నా వివరాలు తెరవండి అన్నాను. తెరిచారు. పడని మందులు ఏమీ లేవు. నేను ఎదురుగానే కూర్చున్నాను, ఆ ప్రోగ్రాంలో మాత్రం నా జాడ లేదు.

డాక్టరుగారు అదంతా మొదటినుంచి ఇంకోసారి చేసి చూశారు. తర్వాత, ఇట్లా ఇంకెందరివి పోయి ఉంటాయి అని అడిగారు. ఆ మాటలో భయం వినిపించింది, అది సరైన భయం. మనిషి మొదటిసారి వచ్చిన రోజుకంటే ముందే పుట్టిన ఫైళ్లు ఇంకా ఉన్నాయని చెప్పాను. నాగేశ్వరరావులు ఉన్నారు, ఏసురత్నాలు ఉన్నారు, మస్తాన్‌వలీల సంగతి సరేసరి. వాటిలో ఏం పోయిందో కంప్యూటర్ చెప్పలేదు, ప్రతి మనిషినీ మళ్లీ నోటితో అడగాల్సిందే.

ప్రసాద్‌గారు అప్పటికీ వదల్లేదు. ప్రోగ్రాం తప్పు ప్రోగ్రాందే అనుకున్నా, పద్ధతి ప్రకారం నర్సు దగ్గర కూడా ఒక కాగితం తీసుకుంటే మంచిది కదా సార్ అన్నారు. పొరపాటు జరిగినందుకు చింతిస్తున్నానని రెండు ముక్కలు చాలన్నారు. కరుణ అప్పటిదాకా గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ముందుకొచ్చింది.

"పెద్దమ్మకు అట్టా అయినందుకు రెండు రోజులుగా నాకు ముద్ద దిగట్లేదు సార్. ఆమె దగ్గర ఎన్నిసార్లయినా బాధపడతా. కానీ చెయ్యని పొరపాటు చేశానని కాగితం మీద పెట్టను. వరండాలో అందరి ముందు నన్ను అబద్ధాలకోరు అన్నారు. నేను డ్యూటీ ఎక్కాలంటే అదే వరండాలో కాదని చెప్పండి."

నాకైతే చప్పట్లు కొట్టాలనిపించింది. సుభానీ లేచాడు. అరుస్తాడేమో అనుకున్నాను. కరుణ వైపు తిరిగి, నేను కూడా ఆ వరండాలోనే నోటికొచ్చినట్టు అన్నానక్కా, నేను కూడా చెప్తా అన్నాడు. డాక్టరుగారు ప్రసాద్‌గారి వైపు చూశారు. ప్రసాద్‌గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

సాయంత్రం నర్సులు డ్యూటీ మారే వేళ, వరండాలో స్టాఫ్ అందరినీ నిలబెట్టి ఆయన చెప్పారు. గొంతు పెద్దగా రాలేదు. వెనకున్న ఆయా ఒకామె వినపడలేదు సార్ అంటే మళ్లీ చెప్పారు. కరుణ వివరాలు ఎక్కించింది, ప్రోగ్రాం చెరిపేసింది, ఆమె తప్పేమీ లేదు. అంతే మాట. ఆ మాట చెప్పించడానికి పొద్దుటినుంచి ఎంత పెనుగులాడామో తలుచుకుంటే విచిత్రంగా అనిపించింది.

రిపోర్టు రాశాను. ఇంగ్లీషులో ఇవ్వండి, బాగుంటుంది అన్నారు ప్రసాద్‌గారు. తెలుగులోనే రాశాను. ప్రాణం మీదికి వచ్చింది మస్తాన్‌బీకి, చదివి వినిపించాల్సింది ఆమెకు. సుభానీ మంచం పక్కన నిలబడి మొత్తం చదివాడు. రైట్ మోడ్ అన్న దగ్గర ఆగి, దాని సంగతేందో మేడమ్‌ని అడిగి మళ్లీ చెప్తానన్నాడు. కరుణ కంప్యూటర్ ముందు కూర్చుని పెద్దావిడ వివరాలన్నీ మళ్లీ అడుగుతోంది. పడని మందు దగ్గరికి వచ్చాక తెర ఆమె వైపు తిప్పింది. పెద్దావిడ ఎర్రటి గడిని చూసి, ఇకనుంచి నేనూ నోటితో చెప్తాలే, దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోను అంది. నన్ను కూడా నమ్ముకోవద్దు పెద్దమ్మా, నేను అడిగినా అడగకపోయినా ముందు నువ్వే చెప్పు అంది కరుణ.

ప్రోగ్రాం సంగతి మిగిలింది. ఆ సాయంత్రమే డాక్టరుగారి అనుమతితో ఒక్క చోట మార్చాను. పైథాన్‌లో ఎక్స్‌క్లూజివ్ మోడ్ అని ఒకటుంది. ఆ పేరుతో ఫైల్ అప్పటికే ఉంటే, తెరవను గాక తెరవను అని మొండికేసి ఆగిపోతుంది. ఆగిపోయే ప్రోగ్రాం అంటే వాడేవాళ్లకు విసుగు. ఊడ్చేసేదానికంటే ఆగిపోయేది వెయ్యి రెట్లు మేలని వాళ్లకు చెప్పాను. అది తాత్కాలిక కట్టు మాత్రమే.

వారం తిరక్కుండా కంపెనీవాళ్లు కొత్త అప్‌డేట్ పంపారు. కౌంటర్లో అమ్మాయి నవ్వుకుంటూ నన్ను పిలిచి చూపించింది. ఒకే పేరుతో రెండో మనిషి వస్తే తెర మీద ఇట్లా వస్తోంది: ఈ పేరు ఇప్పటికే ఉంది, దయచేసి వేరే పేరు ఇవ్వండి. అప్పుడు కౌంటర్ ముందు ఒక మస్తాన్‌రావుగారు నిలబడి ఉన్నారు. యాభై ఏళ్లుగా మోస్తున్న పేరు వదిలేసి ఇప్పటికిప్పుడు ఇంకోటి చెప్పమంటే ఆయన మాత్రం ఏం చెప్తారు? డాక్టరుగారి చేతే కంపెనీకి ఫోన్ చేయించాను. ప్రతి మనిషికీ ప్రోగ్రామే ఒక నంబరు ఇవ్వాలి, ఫైల్‌కు ఆ నంబరే పేరు కావాలి. ఫోన్ నంబరు పెడతామన్నారు. మా ఆడవాళ్లలో చాలామందిది కొడుకు ఫోనో, మొగుడి ఫోనో, సిమ్ మారితే మనిషే మారిపోతుంది, కుదరదన్నాను. రెండు మూడుసార్లు వాదించుకున్నాక ఒప్పుకున్నారు. ఇప్పుడు అక్కడ మస్తాన్‌బీ అని కొడితే మేమంతా వరసగా వస్తాం, ఎవరి భర్త పేరు, వయసు, పడని మందులు వాళ్ల పక్కనే ఉంటాయి.

ఆ కాంట్రాక్టు నాకు మళ్లీ ఇచ్చారు. ఇవ్వకపోయినా ఈ కేసు గురించి నేను ఇదే రాసేదాన్ని. అప్పటినుంచి నాకొక అలవాటు పడింది. కంప్యూటర్ బాగానే ఉంది, పనిచేసే మనిషిదే తప్పు, అట్లా అని ఒక పేజీ రాసివ్వండి అని ఎవరైనా అడిగితే, ముందు ఆ మనిషిని నా ఎదురుగా కూర్చోబెట్టమంటాను. ఆ మనిషి చెప్పేది మొత్తం విన్నాకే కోడ్ తెరుస్తాను. ఇది నచ్చక కొందరు వేరేవాళ్లను చూసుకున్నారు. చూసుకోనివ్వండి. నిజం చెప్తున్న మనిషిని అబద్ధాలకోరు అని సంతకం పెట్టి ఇవ్వడం నా పని కాదు, దానికి నా లెటర్‌హెడ్ దొరకదు.